రక్తపిశాచి నౌకరి

మా తమ్ముడికి సీతాఫల్‌మండిలో మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. కాళ్లు వాచితే రోజంతా నిలబడి పనిచేస్తున్నందుకనుకున్నాడు. పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బి ఉంటే నిద్ర సరిపోలేదనుకున్నాడు. ఒకరోజు దుకాణంలోనే ఊపిరాడక కింద కూర్చుండిపోతే పక్క దుకాణం వాళ్లు ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. రెండు కిడ్నీలూ దాదాపు పనిచేయడం లేదని అక్కడ తేలింది. ఎప్పటినుంచో బీపీ ఉందట, వాడు ఎన్నడూ చూపించుకోలేదు.

నేను వాడికంటే పెద్దదాన్ని. అమ్మా నాన్నా పోయాక వాడికి పెళ్లి చేసింది నేనే. నేను మాత్రం చేసుకోలేదు. మల్కాజ్‌గిరిలో ఉంటూ ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు తెలుగు చెప్తాను. మరదలు బట్టల దుకాణంలో పనిచేస్తుంది. ఆమెకు సాయంత్రం దాకా కదలడానికి వీలుండదు, నాకు మధ్యాహ్నానికే బడి అయిపోతుంది. అందుకని వారానికి మూడుసార్లు తమ్ముణ్ని డయాలసిస్‌కు తీసుకెళ్లడం నా వంతయింది. పద్మారావు నగర్‌లో ఒక పాత భవనం మొదటి అంతస్తులో ఉండేది ఆ సెంటర్.

మొదటి రోజు నాకు బాగా గుర్తుంది. చేతికి రెండు సూదులు గుచ్చి గొట్టాలు తగిలించారు. వాడి రక్తం ఆ సన్నని గొట్టంలోంచి ఎర్రగా పాక్కుంటూ మెషిన్‌లోకి వెళ్లడం మా ఇద్దరికీ కనబడుతోంది. వాడు కళ్లు తిప్పుకోలేదు. కరెంటు షాకు కొట్టినా నవ్వేసే మనిషి, ముఖం తెల్లగా పాలిపోయింది.

"అక్కా, గిది రక్తపిశాచి లెక్కున్నది" అన్నాడు.

నాది రోజూ మూడో తరగతి పిల్లలతో వేగే నోరు కదా, దానంతట అదే మొదలుపెట్టింది.

"లెక్క ఏందిరా, రక్తపిశాచే. మన స్టేషన్ దగ్గర ఉంటుండె. జనం రక్తం తాగి హాయిగ బతికేది. రాను రాను అందరి రక్తంల చక్కెర ఎక్కువైంది. తాగి తాగి దీనికి సుత షుగరొచ్చింది. డాక్టర్ ఇగ బయట తిండి బంద్ అన్నడు."

"మరెట్ల బతకాలె?"

"అందుకే నౌకరి వెతుక్కున్నది. గిదే ఆ నౌకరి. పొద్దంత రక్తం గుంజాలె, కడగాలె, చుక్క పోకుంట మళ్ల ఇచ్చెయ్యాలె."

"ఒక్క చుక్క సుత తాగొద్దా?"

"తాగితే నౌకరి పోతది."

తమ్ముడు మెషిన్ వైపు జాలిగా చూశాడు. "పాపం. మిఠాయి దుకాణంల కూసున్న షుగర్ పేషెంటన్నట్టు" అన్నాడు. అని నవ్వాడు. భుజం కదిలింది, చెయ్యి కదిలింది, మెషిన్ కీచుమని అరవడం షురూ చేసింది.

సిస్టర్ పరుగున వచ్చింది. గుంటూరు వైపు మనిషి. మెడలో సన్నని సిలువ, కాళ్లకు చప్పుడు లేని చెప్పులు. గొట్టం సర్ది అరుపు ఆపి నన్ను చూసింది.

"ఏంటండీ మేడమ్, ఆయన్ని అలా నవ్విస్తారు? సూది జారుద్ది. నవ్వితే నవ్వమనండి, ఆ నవ్వు చేతి దాకా రానీకుండా నవ్వమనండి."

వాడు అలా నవ్వడం నేర్చుకున్నాడు. చెయ్యి రాయిలా దుప్పటి మీద ఉండేది, పొట్ట మాత్రం ఎగిరెగిరి పడేది. చూస్తే నాకూ నవ్వొచ్చేది.

అప్పటినుంచి వెళ్లిన ప్రతిసారీ ఒక కథ అడిగేవాడు. బస్సులో కూర్చుని ఆలోచించుకునేదాన్ని. మా దెయ్యాలకు పాడుబడ్డ బంగళాలూ అమావాస్యలూ ఉండేవి కావు. గ్యాస్ బండ కోసం ఎదురుచూసేవి, ఆధార్‌లో పేరు తప్పుపడితే తిరిగేవి. బ్రహ్మరాక్షసుడు కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పేవాడు. ఇంతకుముందు పిల్లల్ని తినేవాణ్ని, ఇప్పుడు వాళ్ల బుర్రలతో సరిపెట్టుకుంటున్నానని అందరికీ చెప్పుకునేవాడు. తమ్ముడికి అన్నింటికంటే నచ్చింది మాత్రం సీతాఫల్‌మండిలో అద్దెకు ఇల్లు వెతుక్కునే కొరివిదెయ్యం. ఆ కథ మళ్లీ మళ్లీ చెప్పించుకునేవాడు. ఇంటి ఓనరమ్మ మాటలు నేను చెబితే, దెయ్యం మాటలు వాడు చెప్పేవాడు.

"ఎంతమంది ఉంటరు?"

"ఒక్కదాన్నేనమ్మా."

"ఒంటరి ఆడోళ్లకు ఇయ్యం. మీ ఆయన ఏడి?"

"సచ్చిపోయిండమ్మా."

"అయ్యో. మరి నువ్వో?"

"నేను సుతనమ్మా."

ఇంటి ఓనర్లు నన్ను అడిగిన మాటలే అవి, ఆఖరిది తప్ప. తమ్ముడికి ఆ సంగతి తెలుసు. అందుకే దెయ్యానికి ఇల్లు దొరికేదాకా ఊరుకోలేదు.

పక్క మంచం మీద ఒక పెద్దాయన ఉండేవాడు. రైల్వేలో టికెట్ కలెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. భార్య పోయింది. కొడుకు దింపి వెళ్లి, అయిపోయాక వచ్చి తీసుకెళ్లేవాడు. మొదట్లో ఆయనకు మేమంటే గిట్టేది కాదు.

"ఏందమ్మా గీ దెయ్యాల ముచ్చట్లు? ఈడున్నోళ్లం అందరం సావుకు దగ్గరున్నోళ్లమే. జెర దేవుని పేరు తలుచుకోరాదు?" అని ఒకసారి గట్టిగానే కసిరాడు. నేను గొంతు తగ్గించాను. తరువాతి వారం మా కథ నడుస్తుండగా ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. నేను గుసగుసలోకి దిగేసరికి ఒక కన్ను తెరిచాడు.

"గట్టిగ చెప్పు. ఆమెకు గది దొరికిందా లేదా?"

ఆ తరువాత మొత్తం వార్డు వినడం మొదలుపెట్టింది. చివరి మంచం మీదున్నామెకు వినబడటం లేదంటే సిస్టర్ నా కుర్చీని నడిమికి జరిపించింది. ఇద్దరు ముగ్గురు తమనూ కథలో పెట్టమన్నారు. పెద్దాయన అడగలేదు, తానే కథలోకి ఎక్కేశాడు. మల్కాజ్‌గిరి నుంచి వచ్చే లోకల్ రైల్లో దెయ్యాలు ఎలా కిక్కిరిసి వస్తాయో నేను చెప్తుంటే, చెయ్యి ఎత్తబోయి, మెషిన్ గుర్తొచ్చి ఆపుకున్నాడు.

"ఆగు. వాటికి టికెట్లున్నయా?"

"దెయ్యాలకు టికెట్ ఏంది అంకుల్?"

"ఎవరైతేంది? బండి ఎక్కినంక టికెట్ ఉండాలె." ఆయన గొంతు మారిపోయింది. ఎన్నో ఏళ్లుగా లోపల మడిచిపెట్టుకున్న నల్లకోటు తొడుక్కున్నట్టు మాట్లాడాడు. "ఒక దెయ్యం అంటది నాతోని, సార్, నేను ఎవ్వరికి కనబడను గద, కనబడనోళ్లకు టికెట్ ఎందుకు అని. నేనంటా, కనబడకపోతే సీటెందుకు పట్టినవ్? లే!"

వార్డంతా నవ్వింది. రెండు మెషిన్లు అరిచాయి. సిస్టర్ తల పట్టుకుని, "మీ అందరికీ చేతులు మంచానికి కట్టేస్తానండీ" అంది. ఆమె కూడా నవ్వుతోంది.

వానలు మొదలైన రోజుల్లో ఒక శనివారం మేం వెళ్లేసరికి పక్క మంచం మీద తెల్లటి దుప్పటి కొత్తగా పరిచి ఉంది. సిస్టర్ మా దగ్గరికొచ్చి మెల్లగా, "పెద్దాయన నిన్న ప్రభువు దగ్గరికెళ్లిపోయారండీ. ఇంట్లోనే. భోంచేసి కూర్చున్నారంట, అంతే" అంది.

సూదులు గుచ్చుతుంటే తమ్ముడు మూలగనైనా లేదు. చాలాసేపు కప్పు వైపు చూసి, నా వైపు తిరగకుండానే అడిగాడు.

"అక్కా, ఇయ్యాల టీసీ డ్యూటీకొచ్చిండా?"

ఖాళీ మంచం వైపు చూసి, "వచ్చిండురా" అన్నాను.

"ఆయనను కథలకెల్లి తియ్యకు."

తియ్యలేదు. ఆ రోజు పెద్దాయన ఒక బోగీనిండా టికెట్ లేని దెయ్యాలను దింపేశాడు. చివరి మంచం దాకా అందరూ విన్నారు. ఎవ్వరూ నవ్వలేదు. మధ్యలో ఆపేస్తే బాగుండదని చివరిదాకా చెప్పాను.

ఈ కథలన్నీ నడుస్తున్నన్నాళ్లూ మరదలి సంగతి నేను పెద్దగా పట్టించుకోలేదు. ఆమె తక్కువ మాట్లాడే మనిషి. ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్తే తమ్ముడు పడుకుని ఉన్నాడు, పాప కిందికి ఆడుకోవడానికి వెళ్లింది. మరదలు వంటింట్లో బంగాళదుంపలు తరిగి నీళ్లలో నానేస్తోంది. కిడ్నీ జబ్బున్నవాళ్లకు అలా నానబెట్టి, నీళ్లు పారబోసి, ఉడికించి పెట్టాలి. నేను సాయం చేస్తూ, వార్డులో ముచ్చట్లు చెప్పి నవ్వాను. ఆమె కత్తిపీట పక్కకు జరిపింది.

"వదినా, ఒకటంటా. ఏమనుకోకు."

"చెప్పు."

"మీరిద్దరు ఆడ నవ్వుకుంటరు. ఇంటికొచ్చినంక ఏడ్చేది నా దగ్గర. సూదులు గుచ్చే చేతిని పట్టుకొని ఏడుస్తడు. పాప లేస్తదని నోట్లె బట్ట కుక్కుకొని ఏడుస్తడు. నీకు నవ్వే మొగోడు దొరికిండు, నాకు ఏడ్చే మొగోడు దొరికిండు. గదేం ఇన్సాఫ్?"

ఆమె మళ్లీ కత్తిపీట దగ్గరికి లాక్కుంది. దుంపలు ఒక్కొక్కటే నీళ్లలో పడుతున్నాయి. వచ్చేసేముందు ఆమె భుజం మీద చెయ్యి వేస్తే తోసెయ్యలేదు, దగ్గరికీ రాలేదు. బస్సులో కూర్చున్నాక తమ్ముడితో మాట్లాడాలనుకున్నాను. తరువాతిసారి వార్డులో చెప్పాను కూడా. "నీ పెండ్లాం సుత నవ్వాలెగదరా" అన్నాను. వాడు సరేనన్నట్టు తలాడించాడు. ఇంటికెళ్లి ఏం చేశాడో అప్పుడు నాకు తెలియదు.

కిడ్నీ ఇద్దామని ముందు నేనే పరీక్షలకు వెళ్లాను. నాకూ షుగర్ ఉందని అక్కడే తెలిసింది. డాక్టరు పనికిరాదన్నాడు. నేను ముఖం వేలాడేసుకుని వస్తే తమ్ముడు, "సూసినవా? పిశాచిని ఎక్కిరిస్తే గిట్లనే అయితది" అన్నాడు. నన్ను నవ్వించడానికే అన్నాడు. ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

మరదలు నాతో చెప్పకుండానే వెళ్లి పరీక్షలు చేయించుకుంది. అన్నీ సరిపోయాయి. ఆ కాగితాలు పట్టుకుని వచ్చిన రోజు ఆమె ముఖంలో అంత వెలుగు నేను పెళ్లినాడు కూడా చూడలేదు. వాడు వద్దన్నాడు.

"నాకేమన్న అయితే పాపకు నువ్వుంటవ్. ఇద్దరం ఒక్కసారే బల్ల మీద పండుకుంటే, ఇద్దరికీ ఏమన్న అయితే?"

"ఏం గాదు. డాక్టర్ చెప్పిండు."

"మిక్సీ కాలిపోయిందని మంచి మిక్సీకెల్లి మోటార్ పీకి పెడ్తరా ఎవరన్న?"

"నేను మిక్సీనా?" అని అరిచింది మరదలు. ఆమె గొంతు లేవడం నేను మొదటిసారి విన్నాను. "నేను మిక్సీనా చెప్పు!"

ఎన్ని విధాల చెప్పినా వినలేదు. నేను తిట్టాను, బతిమాలాను. సిస్టర్ ప్రార్థన చేస్తానంది. మొండివాడు, చిన్నప్పటినుంచీ అంతే. అయితే ఈసారి వాడిది మొండితనం కాదు, భయం. తన వల్ల ఆమెకు ఏదైనా జరుగుతుందన్న భయం. నాకు అది అర్థమవుతూనే ఉండేది, కోపం మాత్రం తగ్గేది కాదు. దాదాపు ఏడాది తరువాత, పాప బడి వార్షికోత్సవంలో డాన్సు చేసిన సాయంత్రం, వాడంతట వాడే సరేనన్నాడు. అప్పుడు మళ్లీ పరీక్షలు చేశారు. ఈలోపు గుండె బలహీనపడింది. ఆపరేషన్‌కు తట్టుకోలేదని, కొన్నాళ్లు మందులు వాడి చూద్దామని డాక్టర్లు చెప్పారు. కొన్నాళ్లంటే ఎన్నాళ్లో చెప్పలేదు.

ఆ ఎండాకాలం దాహం వాణ్ని చంపుకుతింది. ఒంట్లో నీరు బయటికి పోయే దారి లేదు కాబట్టి, తాగే నీళ్లు కొలిచి తాగాలి. చిన్న సీసాలో పోసి పెట్టేది మరదలు, రోజంతటికీ అదే. ఐసు ముక్క నోట్లో పెట్టుకుని చప్పరించేవాడు. సెంటర్‌కు వచ్చే దారిలో చెరుకురసం బండ్లు ఉండేవి. చెరుకు గడలు పళ్ల చక్రాల మధ్య నలిగే చప్పుడు వినబడగానే ఆటోలో కళ్లు మూసుకునేవాడు.

ఒకరోజు మంచం మీద పడుకుని, "ఇయ్యాల కథ నేను చెప్తా" అన్నాడు.

"చెప్పు."

"ఒక దెయ్యం ఉంటది. దానికి రక్తమొద్దు, పాణాలొద్దు. రోజు పోయి చెరుకురసం బండి ముంగట నిలబడ్తది. బండాయన అడుగుతడు, ఏం గావాలె అని. ఏమొద్దన్నా, ఊకెనే సూస్తా అంటది. ఎంతసేపు సూస్తవ్? చెరుకు అయిపోయేదాంక. సూసి సూసి ఇంటికి పోతది."

"తర్వాత?"

"ఇంట్ల దాని పెండ్లాం సీసల కొలిచి నీళ్లు పోస్తది. ఆమె సుత ఈయన ముంగట నీళ్లు తాగది. దాగిపోయి తాగుతది, బాత్రూంల తాగుతది. ఆయనకు తెల్వదనుకుంటది."

మెషిన్ తన పని తాను చేసుకుంటోంది.

"దానికి అన్నీ తెలుసక్కా" అన్నాడు. "కథ మంచిగలేదు గద? నాకు నీ లెక్క రాదు."

"మంచిగున్నదిరా" అన్నాను.

అది వాడు నాకు చెప్పిన ఒకే ఒక్క కథ. ఎండలు తగ్గక ముందే, డయాలసిస్ జరుగుతుండగా బీపీ పడిపోయింది. పెద్దాస్పత్రికి మార్చారు. రెండో రోజు పొద్దున మరదలు పక్కనుండగానే పోయాడు. నేను బస్సులో ఉన్నాను. ఫోన్‌లో మరదలి ఊపిరి మాత్రం వినబడింది. నేను నా స్టాపు కాని చోట దిగిపోయాను. ఒక టిఫిన్ బండి దగ్గర జనం నిలబడి ఇడ్లీలు తింటున్నారు. అక్కడే వాళ్ల మధ్య నిలబడిపోయాను. బండామె "ప్లేటెయ్యాల్నా?" అని అడిగింది. నాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఆమె నా ముఖం చూసి స్టూలు జరిపి కూర్చోబెట్టింది.

పదకొండో రోజు వాడికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టాం. ఉప్పు వేసిన పప్పు, టమాట చారు, అరటిపండు, ఇన్నాళ్లూ తినకూడదన్నవన్నీ. మరదలు పెద్ద బిందెడు నీళ్లు తెచ్చి విస్తరి పక్కన పెట్టింది. బంధువుల్లో ఒకావిడ, "గ్లాసెడు సాలమ్మా" అంది. "సాలవు" అంది మరదలు.

నెల దాటాక సిస్టర్ ఫోన్ చేసింది. "మేడమ్, అందరూ మిమ్మల్ని అడుగుతున్నారండీ. మీకు కష్టంగా ఉంటే వద్దులెండి" అంది. ఒక శనివారం వెళ్లాను. తమ్ముడి మంచం మీద కాలేజీ వయసు అమ్మాయి ఉంది. నా కుర్చీ నడిమిలోనే వేసి ఉంచారు. కూర్చున్నాను, అందరూ నా వైపే చూస్తున్నారు. నోరు తెరిచాను గాని మాట రాలేదు. చివరి మంచం ఆమె, "ఏం గాదు బిడ్డా, ఊకెనే కూసో" అంది. కూర్చున్నాను. ఆ కాలేజీ అమ్మాయి తన పరీక్షల గురించి ఏదో చెప్తుంటే విన్నాను. డయాలసిస్ అయిపోయేదాకా ఉండి వచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు.

ఆ కథలన్నీ ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. అదెలా మొదలైందో చెప్పాలి. దుకాణం ఖాళీ చేసిన తరువాత ఒక ఆదివారం సాయంత్రం నేనూ మరదలూ టీ తాగుతూ కూర్చున్నాం. పాప హోంవర్క్ చేసుకుంటోంది. మరదలు ఉన్నట్టుండి, "వదినా, ఆ కొరివిదెయ్యం మల్ల యాడికి పోయింది?" అని అడిగింది.

నాకు ఆశ్చర్యమేసింది. "నీకెట్ల తెలుసు?"

"ఆయన చెప్తుండె గద. నువ్వేమన్నవో ఏమో, ఆ తర్వాతకెల్లి దవాఖానకెల్లి రాంగనే నన్ను కూసోబెట్టుకొని చెప్పేటోడు. జెర మార్చి చెప్పేటోడు."

"ఎట్ల మార్చిండు?"

"నీ కథల దెయ్యమే ఇల్లు వెతుక్కుంటది గద? ఆయన చెప్పిన దాంట్ల ఆ ఇంటి ఓనరమ్మను నేనే. చీపురుకట్ట తీస్త. దెయ్యం లబలబమంటది. మల్ల పాపమని నేనే చాయ్ పెట్టిస్త." ఆమె పెదవులు వంకర తిరిగాయి. "అన్ని కథలల్ల నన్ను పెట్టిండు. రైల్ల టీసీ సుత నన్ను జూసి సెల్యూట్ కొడ్తడు."

అంటూనే ఆమెకు నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. ఇద్దరం నవ్వుతుంటే పాప తలెత్తి చూసింది. నవ్వుతూనే మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నేను లేచి ఆమె పక్కన కూర్చున్నాను. ఈసారి నా మీదికి ఒరిగింది.

అప్పటినుంచి ఆదివారాలు వాళ్లింట్లో కూర్చుని రాస్తున్నాం. నేను వార్డులో చెప్పింది చెప్తాను, ఆమె ఇంట్లో విన్నది చెప్తుంది. చాలాచోట్ల వాడిదే బాగుంటుంది. నేను చెప్పిన దెయ్యాలు ఊళ్లో తిరిగేవి, వాడు చెప్పినవి మా మరదలి వంటింటికి వచ్చి కూర్చునేవి. కొన్నిచోట్ల మా ఇద్దరికీ జ్ఞాపకం కలవదు, వాదించుకుంటాం. చెరుకురసం బండి కథ కూడా రాశాను. రాసేముందు ఆమెకు చదివి వినిపించాను. బాత్రూంలో నీళ్లు తాగే మాట దగ్గర తల దించుకుంది, తీసెయ్యమనలేదు.

మొన్న ఆదివారం ఇంకా ఏమన్నా మిగిలాయా అని అడిగాను.

"ఒకటున్నది. ఆఖరుకు దవాఖానల పడ్డప్పుడు చెప్పిండు" అంది.

నేను పెన్ను తీశాను.

"అది రాయకు వదినా. అది నాదే."

పెన్ను మూసి పక్కన పెట్టాను. ఆమె లేచి, ఆరేసిన బట్టలు తీయడానికి మేడ మీదికి వెళ్లింది. పాప నా పక్కకు జరిగి, లెక్కల్లో ఏదో రావడం లేదంది. ఇద్దరం దాన్ని చేయడానికి కూర్చున్నాం.